ఏ సీటీ తీశారో అడగండి

(అనంతపురంలో పెన్షనర్ల సమావేశంలో ఒక రేడియాలజిస్టు ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలో వచ్చిన అక్కలకు, అన్నలకు నమస్కారం. నన్ను ఎండాకాలం జాగ్రత్తల గురించి మాట్లాడమన్నారు. నీళ్లు బాగా తాగండి, మధ్యాహ్నం బయట తిరగొద్దండి. అనంతపురం వాళ్లకు అంతకు మించి నేను చెప్పేదేముంది? నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది.

మూత్రం ఎర్రగా వస్తే మనమేమంటాం? వేడి చేసింది అంటాం. సబ్జా నీళ్లు, బార్లీ, రెండు టెంకాయలు కొట్టించుకుని తాగుతాం. రెండ్రోజులకు తేటపడుతుంది, ఇంక మర్చిపోతాం. బ్లాడర్, అంటే మూత్రం నిలిచే సంచి, దానికొచ్చే క్యాన్సర్ కూడా చాలామందిలో అట్లనే మొదలవుతుంది. నొప్పి ఉండదు, రక్తం పడుతుంది, దానంతటదే ఆగిపోతుంది, కొన్ని నెలలకు మళ్లీ కనిపిస్తుంది. కిడ్నీలో రాయి అయితే నొప్పికి తట్టుకోలేక మనమే ఆసుపత్రికి పరిగెత్తుతాం. నొప్పి లేని రక్తమంటేనే నాకు భయం.

ఒక రిటైర్డ్ డ్రైవరన్న వచ్చాడు, చిన్నప్పట్నుంచీ బీడీ అలవాటు. "సీటీ స్కాన్ ముందే తీశారు సార్, నార్మలే" అని కవరు చేతికిచ్చాడు. ఫిల్ములు తీసి చూస్తే అది ప్లెయిన్ సీటీ, డై (స్కాన్‌లో తెల్లగా కనిపించే మందు) ఎక్కించకుండా కేవలం రాళ్ల కోసం తీసింది. రాయి లేదని రాశారు, అది నిజమే. ఆయన మాత్రం క్యాన్సర్ లేదని అనుకున్నాడు, ఇంట్లో వాళ్లకూ అదే చెప్పాడు, అట్లా ఏడాది పోయింది. ఈ రెండింటికీ తేడా ఉందని ఆయనకు ఒక్కరూ చెప్పలేదు. నా కోపమంతా దాని మీదే.

మేము సీటీ యూరోగ్రఫీ తీశాం. ముందు డై లేకుండా ఒకసారి, తర్వాత నరంలోకి డై ఎక్కించి కిడ్నీలకు ఒకసారి, ఆ తర్వాత పది నిమిషాలు ఆగి డై మూత్రంతో కలిసి కిందికి దిగాక ఇంకోసారి. అప్పుడు బ్లాడరంతా తెరమీద తెల్లగా కనిపిస్తుంది. ఆయనకు ఎడమ గోడ దగ్గర ఆ తెలుపులోకి ఒక నల్లటి ముద్ద పొడుచుకొచ్చి ఉంది, అంచు కాలీఫ్లవర్ లాగా గరుగ్గా ఉంది. ప్లెయిన్ సీటీలో అక్కడ మూత్రం, గడ్డ దాదాపు ఒకే రంగులో కలిసిపోయాయి.

బీడీ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఆ పొగలోని విషం రక్తంలో కలుస్తుంది, కిడ్నీలు దాన్ని వడకట్టి మూత్రంలోకి వదులుతాయి, అది గంటలకొద్దీ బ్లాడర్ లోపలి పొరను తాకుతూనే ఉంటుంది. రంగుల ఫ్యాక్టరీ కూలీలకు ఈ జబ్బు వస్తోందని జర్మనీలో లుడ్విగ్ రేన్ అనే సర్జన్ 1895లోనే చెప్పాడు, ఎక్స్‌రే కనిపెట్టింది కూడా ఆ ఏడాదే.

వెనక వరుసలో వాళ్లూ, ఇది వినండి. సీటీ ఒక్కటే చాలదు. పొరకు అంటుకుని చదునుగా ఉండే క్యాన్సర్ సీటీకి దొరక్కపోవచ్చు. అందుకే సన్నటి కెమెరాతో లోపల చూసే సిస్టోస్కోపీ కూడా కావాలి. పైన కిడ్నీలు, మూత్రనాళాలు ఎట్లున్నాయో, జబ్బు గోడ దాటి బయటికి పాకిందో లేదో చెప్పేది సీటీ. డాక్టర్ రెండూ రాస్తే డబ్బు కోసమే అనుకోవద్దండి. డై ఎక్కించే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి, షుగర్ మాత్రలు, అలర్జీ, ఆస్తమా ఉంటే దాచకుండా చెప్పండి.

అక్కా, మీకు ఇన్ఫెక్షన్ అని మాటిమాటికీ మాత్రలు రాస్తుంటే, మూత్రం కల్చర్ పరీక్షలో క్రిమి పెరిగిందా అని అడగండి. పెరగకుండానే రక్తం పడుతుంటే యూరాలజిస్టు, అంటే మూత్ర సంబంధ జబ్బుల డాక్టర్ దగ్గరికి పోండి.

రక్తం ఆగాక పోతే డాక్టర్‌కు చూపించడానికి ఏమీ ఉండదు. కనిపించినప్పుడే ఫోన్‌లో ఫోటో తీసుకోండి, సిగ్గుపడొద్దు, తేదీ కూడా అందులోనే ఉంటుంది. నేను సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. ఇంట్లో ఎవరిదైనా "సీటీ నార్మల్" అన్న పాత కవరుంటే ఆటోలో పోయి తెచ్చుకోండి, ఏ సీటీ తీశారో చూసి చెప్తాను.