సిలోయం గోపురం కింద పడినవారు

(పర్లాకిమిడిలో సంఘ వార్షిక కూడికల చివరి సాయంకాలం చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీదనున్న దైవసేవకులకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజపు తల్లులకు, కాశీనగర్ నుండి, గుణుపూర్ నుండి, బరంపురం నుండి బస్సులు మారి వచ్చిన విశ్వాసులకు, ఏరు దాటి పాతపట్నం నుండి వచ్చిన మా వియ్యాలవారికి, మూడు దినాలుగా వంటశాల వదలని యువకులకు, పేరు మరచిపోతే నొచ్చుకొనే మిగిలిన పెద్దలందరికీ ప్రభువు పేరట వందనాలు.

నేను బోధకుణ్ణి కాను. తెలుగు బడిలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. కార్యదర్శి గారు పంపిన కార్డులో నాకిచ్చిన అంశం ‘శ్రమలలో నిరీక్షణ’ అనీ, చదవవలసిన భాగం రోమా పత్రిక ఐదో అధ్యాయమనీ ఉంది. శ్రమ ఓర్పునూ, ఓర్పు పరీక్షనూ, పరీక్ష నిరీక్షణనూ కలుగజేస్తాయని పౌలు అక్కడ చెబుతాడు. ఆ భాగం మీద నిన్నా మొన్నా చక్కటి ప్రసంగాలు విన్నాం గనుక, అధ్యక్షులు అనుమతిస్తే నేను లూకా సువార్త పదమూడో అధ్యాయానికి వెళతాను. అనుమతించకపోయినా అక్కడికే వెళతాను. 2018 నుండి గొంతులో ఉన్న మాట ఇప్పుడైనా బయటికి రావాలి.

అక్కడి సంగతి ఇది. బలులర్పిస్తున్న గలిలయులను పిలాతు చంపించి, వారి రక్తాన్ని ఆ బలులతో కలిపాడన్న వార్తను కొందరు యేసు దగ్గరికి తెచ్చారు. వారు ప్రశ్న వేయలేదు గాని, అంత ఘోరం జరిగిందంటే ఆ గలిలయులు ఎంతటి పాపులో అన్న వారి తలంపును ఆయన పసిగట్టాడు. కాదన్నాడు. అంతటితో ఊరుకోక, వారు ఎత్తని మరొక సంగతిని తానే ఎత్తాడు: సిలోయంలో గోపురం కూలి పద్దెనిమిదిమంది చచ్చారు గదా, వారు యెరూషలేములో కాపురమున్న అందరికంటే అపరాధులని తలుస్తున్నారా? కారని తానే చెప్పాడు. మొదటిది ఒక అధికారి క్రూరత్వం, రెండోది ఎవరూ పూనుకొని చేయని ప్రమాదం. రెండింటికీ ఆయన జవాబు ఒకటే. మీరు మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారని ఆయన అన్న మాటను నేను దాటవేయడం లేదు. అయితే ఆ మాట ఎవరితో అన్నాడో చూడండి. గోపురం కింద పడినవారి తల్లులతో అనలేదు, భార్యలతో అనలేదు. క్షేమంగా నిలబడి, చచ్చినవారి పాపాల లెక్క చూస్తున్నవారితో అన్నాడు.

ఇక మన గోపురం సంగతికి వస్తాను. 2018 అక్టోబరు 11, గురువారం తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. గాలి దెబ్బ తీరానికి తగిలితే, వాన దెబ్బ కొండలమీద పడి మన గజపతి జిల్లా మీదికి దిగింది. రాయగడ బ్లాకులోని బరఘర గ్రామంలో, వానకు తలదాచుకొన్నవారి మీదనే కొండచరియ విరిగిపడింది. సముద్రం కనబడని ఊళ్లలో తుఫానుకు మనుషులు చచ్చిపోతారని మనలో ఎందరం అనుకొన్నాం?

వాన వెలిసిన కొద్ది రోజులకు, మహేంద్రతనయ ఒడ్డునున్న ఒక ఊరికి బయటినుండి ఒక బృందం సాయం తెచ్చింది. ఊరి పేరూ, బృందం పేరూ చెప్పను. తెచ్చినవి మంచివే: టార్పాలిన్లు, దుప్పట్లు, అటుకులు, బెల్లం, కొవ్వొత్తులు. వీధుల్లో బురద ఇంకా ఆరలేదు. మందిరం రేకులు ఎగిరిపోయి పక్క తోటలో చుట్టలు చుట్టుకొని పడి ఉన్నాయి. జనాన్ని వరసలో నిలబెట్టారు. నేను వరస మొదట బల్ల దగ్గర కూర్చొని పేర్లు రాస్తున్నాను. వరస కదలకముందే ఆ బృందంలోని బోధకుడు మైకు అందుకొన్నాడు. గోడ కూలి ఎదిగిన కొడుకును పోగొట్టుకొన్న ఒక తల్లిని ముందుకు పిలిచి, మైకు ఆమె నోటి దగ్గర పెట్టి, పక్కన ఇంకొకరు సెల్‌ఫోనులో వీడియో తీస్తుండగా, ‘నిన్ను దేవుడు కాపాడాడు, సాక్ష్యం చెప్పమ్మా’ అన్నాడు. ఆమె మాట్లాడలేదు. ఆయనే అందుకొని, ప్రార్థన సన్నగిల్లిన చోట శత్రువు చొరబడతాడనీ, ఈ ఊరు ఆ సంగతి తెలుసుకోవాలనీ మొదలుపెట్టాడు. అప్పుడామె మైకు అక్కర్లేకుండానే అంది: ‘బాబూ, మా గుంటడు ఆ రేత్రి కూడికకెల్లి, సాపలు మడతెట్టి, దీపం ఆర్పొచ్చి తొంగున్నాడు. ప్రార్థన సేసే తొంగున్నాడు. మరి నువ్వు ఆ రేత్రి ఎక్కడ తొంగున్నావు బాబూ?’

బోధకుడు జవాబు చెప్పలేదు. వీడియో తీస్తున్న కుర్రవాడు ఫోను దించేశాడు. ఆమె వెనక్కి వెళ్లి వరస చివర నిలబడింది; ఇంట్లో ముసలి అత్త తడిబట్టల్లో ఉంది గనుక దుప్పటి తీసుకోకుండా వెళ్లిపోయే వెసులుబాటు ఆమెకు లేదు. ముందు వరసలో కొందరు ఒకరి ముఖాలొకరు చూసుకొంటున్నారు, ఈ కథ మాస్టారు మళ్లీ ఎత్తాడని. ఎత్తుతాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారిలో మనమూ ఉన్నాం. ఆ రోజు ఆ వరసలో ఎవరూ ఆ బోధకుడికి లూకా పదమూడు తెరిచి చూపించలేదు.

ఆస్తినీ బిడ్డలనూ పోగొట్టుకొన్న యోబు ముగ్గురు స్నేహితుల సంగతి మీకు తెలుసు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు దూరదేశాలనుండి వచ్చి, అతని దుఃఖం బహు ఎక్కువని చూసి, ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేలమీద అతనితో కూర్చొన్నారు. ఒక్క మాటైనా పలకలేదు. వాళ్లు చేసిన పనుల్లో వంక పెట్టరానిది అదొక్కటే. తర్వాత నోళ్లు తెరిచి, నువ్వేదో చేసి ఉంటావు, నీ పిల్లలేదో చేసి ఉంటారు అని దేవుని తరఫున వకాల్తా పుచ్చుకొన్నారు. చివరకు ఆ దేవుడే వారిమీద కోపగించి, తన్ను గురించి యోబు పలికినట్లు మీరు యుక్తమైనది పలకలేదన్నాడు. యోబు ఏం పలికాడు? పుట్టిన దినాన్ని శపించాడు. దేవుణ్ణి న్యాయానికి పిలిచాడు. ఇవాళ మన సాక్ష్యాల సభలో ఎవరైనా అలా మాట్లాడితే మైకు ఆపేస్తాం. అవునా, కాదా? ఆ స్తంభం దగ్గర కూర్చొన్న పెద్దలు చెప్పండి.

యోహాను తొమ్మిదిలోనూ ఇదే ప్రశ్న. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, వీడు చేసిన పాపమా, కన్నవారు చేసిన పాపమా అని అడిగినవారు శిష్యులే, పరిసయ్యులు కారు. వీడూ కాదు, వీని కన్నవారూ కారని యేసు చెప్పి, నేలమీది మట్టిని ఉమ్మితో కలిపి అతని కళ్లకు పూసి, వెళ్లి కడుక్కొమ్మని పంపిన కోనేరు పేరు సిలోయం. గోపురం కూలినదీ ఆ సిలోయంలోనే. కారణం అడిగినవారికి కారణం దొరకలేదు గాని, గుడ్డివాడికి చూపు దొరికింది.

మరి నిరీక్షణ మాటేమిటని కార్యదర్శి గారి చూపు అడుగుతోంది. వస్తున్నాను. కీర్తనల గ్రంథంలో మూడోవంతు దాకా మొరలే. ఎనభై ఎనిమిదో కీర్తన చివరిదాకా చదవండి: ప్రియులు దూరమయ్యారు, చీకటే బంధువర్గమైందంటూ ఆగిపోతుంది. తర్వాత స్తోత్రం లేదు, అల్లెలూయ లేదు. దాన్ని ఎవరూ తీసివేయలేదు, చివర రెండు మంచి మాటలు అతికించలేదు. విలాపవాక్యాలలో ప్రభువు వాత్సల్యత అనుదినమూ నూతనంగా పుడుతుందన్న మాట ఉంది. అది మూడో అధ్యాయంలో, ఐదు అధ్యాయాల నడుమ ఉంది. దానికి ముందూ ఏడుపే, వెనుకా ఏడుపే. గ్రంథం ముగిసేది కూడా, మమ్మును బొత్తిగా విసర్జించావా అన్న దిగులుతోనే. మనం ఆ నడిమి వచనాన్ని కోసి కేలండరు మీద అచ్చువేసుకొని, మిగిలినదాన్ని చదవడం మానేశాం.

చదవడం అన్నాను గనుక ఒక మాట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ఇటు చేరింది, పాతపట్నం అటు తెలుగు వైపు ఉండిపోయింది. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లో బడిపంతులుగా ఉంటూ, కొండల్లోని సవరల భాష నేర్చుకొని, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. అలాంటి ఊళ్లో ఇవాళ మన పిల్లలు కంఠత వాక్యాలను ఒడియా అక్షరాల్లో రాసుకొని తెలుగులో అప్పజెబుతున్నారు. ఒడియా నేర్వవద్దని నేననను. అది వారి బడి భాష, బతుకుతెరువు భాష. కాని అవ్వ చనిపోయిన రాత్రి ఆ పిల్లవాడు అవ్వ బైబిలు తెరిస్తే ఒక్క అక్షరం కూడబలుక్కోలేడు. ఆ తొంభయ్యో కీర్తనో, ఆ ఇరవై రెండో కీర్తనో ఎవరు చదివి పెట్టాలి? శనివారం సాయంకాలాలు ఒక గంట నాకివ్వండి. జీతం అడగను. సుద్దముక్కలు మాత్రం సంఘం కొనాలి.

అపొస్తలుల కార్యాలు ఇరవై ఏడో అధ్యాయం మీకు తెలిసినదే గాని, గోపాల్‌పూర్ తీరంలో చేపలవేటకు పోయే మన వాడబలిజ సోదరులకు తెలిసినంతగా నాకు తెలియదు. పౌలును బందీగా రోముకు తీసుకుపోతున్న ఓడను ఊరకులోను అనే పెనుగాలి పట్టుకొంది. అనేక దినాలు సూర్యుడు లేడు, నక్షత్రాలు లేవు; తప్పించుకొంటామన్న ఆశ పోయింది. ఒక్క ప్రాణమూ పోదని దేవదూత పౌలుకు చెప్పాడు. అంతటి వాగ్దానం చేతిలో ఉండగా, పద్నాలుగో రాత్రి నావికులు నీటి లోతు కొలిచే బుడుదు వేసి చూశారు: ఇరవై బారలు, ఇంకాస్త పోగా పదిహేను బారలు. నాలుగు లంగర్లు వేశారు. కొందరు పడవ దించుకొని పారిపోబోతే, వీళ్లు ఓడలో ఉంటేనే మీరు బతుకుతారని పౌలు శతాధిపతితో చెప్పాడు. వాగ్దానం ఉన్నదని బుడుదు పారవేయలేదు. తెల్లవారేముందు అందరినీ భోంచేయమని బతిమాలి, తానే రొట్టె విరిచి ముందుగా తిన్నాడు. రెండువందల డెబ్బై ఆరుగురు తిన్నారు. ఆ ఓడలో అందరూ విశ్వాసులు కారు, బందీలున్నారు, సైనికులున్నారు. ఎవరి ప్రార్థన ఎంతని ఆయన లెక్క చూడలేదు. ఓడ బద్దలైంది, సరుకు పోయింది, మనుషులు పలకలు పట్టుకొని ఒడ్డెక్కారు.

1999 అక్టోబరు 29నాటి మహా తుఫానులో పదివేలమంది దాకా పోయిన రాష్ట్రం మనది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేసరికి, పది లక్షలకు దగ్గరగా జనాన్ని ముందే తరలించారు గనుక పోయిన ప్రాణాలు పదుల్లోనే ఆగాయి. అయినా, షెల్టరుకు వెళ్లడం అవిశ్వాసమని, గదిలో మోకరిస్తే చాలని బోధించేవారు ఇప్పటికీ మన మధ్య తిరుగుతున్నారు. పౌలుకంటే గొప్ప విశ్వాసులు కాబోలు. తల్లులారా, అటువంటి మాట మీ వీధిలో విన్నప్పుడు, పిల్లల్ని తీసుకొని, ఆధారు కాగితాలూ మందులూ సంచిలో వేసుకొని, ముందు షెల్టరుకు నడవండి. మోకాళ్లు అక్కడా వంగుతాయి.

యిర్మీయా ప్రవక్త సంగతి విడిగా చెప్పవలసినది, గంట ఒప్పుకోదు. బబులోను సైన్యం ముట్టడించిన పట్టణంలో, చెరసాల ఆవరణలో ఉండి, ఈ దేశంలో మళ్లీ పొలాలు కొంటారన్న దేవుని మాట నమ్మి, శత్రువు చేతికి పోయిన అనాతోతులో పొలం కొన్నాడు. పదిహేడు తులాల వెండి తూచి, సాక్షుల చేత సంతకాలు పెట్టించి, క్రయపత్రాలను మట్టికుండలో దాచమని బారూకుకు అప్పగించాడు. తిత్లీ తర్వాతి ఏడాది, పడిపోయిన జీడిచెట్ల మధ్య మళ్లీ మొక్కలు నాటిన రైతుల్ని ఈ సభలో చూస్తున్నాను. మీరు ఎవరి మైకులోనూ సాక్ష్యం చెప్పలేదు.

కమిటీవారిని నేను అడిగేదొకటి ఉంది. మన సంఘం పేరుమీద గాని, మన సంఘం ద్వారా గాని ఏ ఊరికి సాయం వెళ్లినా, అది చేతికందేలోగా ప్రసంగం ఉండకూడదు, సాక్ష్యం అడగకూడదు, ఫోను పైకెత్తకూడదు. పాపం లెక్కలు చెప్పదలచినవారెవరైనా వస్తే, ఆ ఊళ్లో ముందు ఏడు దినాలు ఊరక కూర్చొనమనండి. ఈ తీర్మానాన్ని ఈ సభలోనే చేసి, తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి ప్రతులు రాయించి, అక్టోబరు రాకముందే నోటీసుబోర్డు మీద పెట్టించాలని కార్యదర్శి గారిని కోరుతున్నాను. తెలుగు ప్రతి నేనే రాసిస్తాను. అధ్యక్షుల చెయ్యి గంట మీదికి వెళ్లింది గనుక సెలవు.