టైపు ‘కొడతాం’ అని ఎందుకంటాం?

నమస్కారం. ముందు ఒక చిన్న పని చేయండి. బొటనవేలి గోరును అరచేతిలో గట్టిగా నొక్కి తీయండి. నెలవంకలా గుర్తు పడింది కదా? అలా పడిన గుర్తును పాత గ్రీకులో ‘టుపోస్’ అనేవారు. ఇంగ్లీషు ‘టైప్’కు మూలం ఆ మాటే.

గ్రీకులో ‘టుప్టెయిన్’ అంటే కొట్టడం. టుపోస్ అంటే దెబ్బ, ఆ దెబ్బకు పడిన గుర్తు కూడా. యోహాను సువార్త 20వ అధ్యాయంలో, యేసు చేతుల్లో చూస్తే గానీ నమ్మనని శిష్యుడు తోమా పట్టుబట్టిన మేకుల గురుతు ఉంది కదా, గ్రీకు మూలంలో అక్కడున్నది టుపోసే. పొడవడం, బాధించడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు ‘తుద్’ను కూడా భాషా శాస్త్రవేత్తలు ఈ కుటుంబంలోనే చేరుస్తారు.

మరి దెబ్బకు ‘రకం’ అనే అర్థం ఎలా వచ్చింది? మన తెలుగులోనే చూడండి. పిల్లాడిని చూసి “అచ్చు గుద్దినట్టు వాళ్ల నాన్నే” అంటాం. గుద్దడం, అచ్చు, పోలిక, మూడూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి! గ్రీకు మాట నడిచిన దారి కూడా అదే: దెబ్బ, గుర్తు, అచ్చు, ఆకారం, రకం. లాటిన్ మీదుగా ఇంగ్లీషుకు చేరి, “వాడదో టైపు” అంటూ మన నోటికీ వచ్చింది. నాకు ఈ మాట మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం ఈ పోలికే.

అచ్చాఫీసులో సీసపు అక్షరాలనూ టైపు అన్నారు. 1868లో అమెరికాలోని మిల్వాకీలో క్రిస్టఫర్ షోల్స్, ఇద్దరు మిత్రులతో కలిసి టైప్ రైటర్‌కు పేటెంట్ పొందాడు. రెమింగ్టన్ కంపెనీ 1874లో దాన్ని అమ్మకానికి తెచ్చింది.

టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి లోయర్, హయ్యర్ పరీక్షలు పాసైనవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. మీట నొక్కితే సన్నటి ఇనుప కడ్డీ లేచి, కొసనున్న అక్షరంతో రిబ్బన్ మీద ఠక్కున కొడుతుంది. ఫుల్‌స్టాప్ గట్టిగా పడితే కాగితానికి చిల్లే! అందుకే మనవాళ్లు “టైపు కొట్టడం” అన్నారు. గ్రీకు తెలియకపోయినా, టైపు పక్కన సరిగ్గా దాని అసలు అర్థాన్నే పెట్టారు.

ఇంట్లో టైప్ రైటర్ మీద కొట్టిన పాత దస్తావేజు గానీ సర్టిఫికెట్ గానీ ఉంటే తీయండి. కాగితాన్ని వెనక్కి తిప్పి, మెల్లగా వేలితో తడమండి. వేలికి గరుగ్గా తగులుతున్నదే టుపోస్.