పన్ను వేసి బడి తెరిచిన లాయరు: ఒబాఫెమి అవోలోవో

శ్రోతలకు నమస్కారం.

ఎన్నికలు ముందున్నాయని తెలిసీ పన్ను వేసే నాయకుడు ఎక్కడైనా ఉంటాడా? నైజీరియాలో ఒకాయన ఉండేవారు. ఆ దేశం ఇంకా బ్రిటిష్ వాళ్ల పాలనలో ఉన్న రోజులవి. పిల్లలకు ఉచితంగా చదువు చెప్పాలి, ఉచితంగా వైద్యం చేయించాలి, దానికి డబ్బు కావాలి అంటూ అక్కడి పశ్చిమ ప్రాంత ప్రభుత్వం పెద్దవాళ్ల మీద తలసరి పన్ను వేసింది. జనం మండిపడ్డారు. 1954లో కేంద్ర చట్టసభకు ఎన్నికలు జరిగితే, అధికారంలో ఉన్న యాక్షన్ గ్రూప్ పార్టీ తన సొంత గడ్డ మీదే ఓడిపోయింది. అయినా పథకం ఆగలేదు. 1955 జనవరి 17న ఉచిత ప్రాథమిక విద్య మొదలైంది. అంతకు ముందు ఏడాది నాలుగున్నర లక్షలకు కాస్త పైగా ఉన్న బడిపిల్లల సంఖ్య ఒక్కసారిగా 8 లక్షలు దాటింది.

ఆ ప్రభుత్వాన్ని నడిపిన ప్రీమియర్, అంటే ప్రాంత ప్రభుత్వాధినేత, ఒబాఫెమి అవోలోవో. జనం ముద్దుగా 'అవో' అని పిలుచుకునేవారు. వృత్తి రీత్యా లాయరు.

ఆయన 1909 మార్చి 6న ఇకెన్నే అనే ఊళ్లో పుట్టారు. పశ్చిమ ప్రాంతంలోని యోరుబా జాతి కుటుంబం. తండ్రి వ్యవసాయం చేసేవారు, కలప కోసేవారు. అవోకి పదకొండేళ్లు వచ్చేసరికి తండ్రి మశూచితో పోయారు. ఆ తర్వాత బడికి వెళ్లాలంటే ఫీజు తనే సంపాదించుకోవాలి. కట్టెలు మోశాడు, నీళ్లు మోశాడు, ఊరు మారి వాళ్లింట్లో వీళ్లింట్లో పనిచేశాడు. చదువు మధ్యలో ఆగేది, మళ్లీ మొదలయ్యేది. ఉచిత విద్య అనే మాట ఆయన ఏ పుస్తకంలోనో చూసి నేర్చుకున్నది కాదు.

పెద్దయ్యాక పంతులు పని చేశారు, గుమాస్తాగా ఉన్నారు, షార్ట్‌హ్యాండ్ నేర్చారు, పత్రికలో విలేకరిగా చేశారు. కోకో వ్యాపారంలోకి, లారీల వ్యాపారంలోకి దిగి, దెబ్బతిని అప్పులపాలయ్యారు. అలాంటి పరిస్థితిలో కూడా, నైజీరియాలోనే ఉంటూ లండన్ విశ్వవిద్యాలయం బి.కాం. ప్రైవేటుగా కట్టి 1944లో పాసయ్యారు. అదే ఏడాది, ముప్ఫై అయిదేళ్ల వయసులో, లా చదవడానికి లండన్ ఓడ ఎక్కారు. ఇంటి దగ్గర భార్య హన్నా వ్యాపారం చేసి పిల్లల్ని సాకారు. ఆవిడ అంత బరువు మోయకపోతే ఆయన లాయరయ్యేవారే కాదని నా నమ్మకం. 1946 నవంబర్‌లో లండన్‌లోని లాయర్ల సంస్థ ఇన్నర్ టెంపుల్ నుంచి బారిస్టరై, తిరిగొచ్చి ఇబాదాన్ నగరంలో ప్రాక్టీసు పెట్టారు. 1949లో నైజీరియన్ ట్రిబ్యూన్ పత్రిక స్థాపించారు. 1951లో యాక్షన్ గ్రూప్ పార్టీ పెట్టారు.

నైజీరియా అనేది ఒక జాతి కాదు, కేవలం ఒక భౌగోళిక నామం అని ఆయన 1947లోనే రాశారు. అన్ని భాషలు, అన్ని జాతులు ఉన్న దేశం నిలబడాలంటే ఎవరి ప్రాంతాన్ని వాళ్లు పాలించుకునే సమాఖ్య కావాలన్నారు. తర్వాతి కాలంలో, భాషని బట్టి రాష్ట్రాలు ఏర్పాటు చేయాలని గట్టిగా వాదించారు. 1953లో భాష పేరు మీద సొంత రాష్ట్రం తెచ్చుకున్న మనకి ఈ వాదన కొత్తగా అనిపించదు.

బళ్లకి డబ్బు పన్నుతోనే సరిపోలేదు. పశ్చిమ ప్రాంతం కోకో పండే నేల. ప్రభుత్వ మార్కెటింగ్ బోర్డు రైతు దగ్గర ఒక ధరకి కొని, విదేశాల్లో ఎక్కువ ధరకి అమ్మి, ఆ మిగులుని అభివృద్ధికి వాడేది. అంటే అక్కడి పిల్లల చదువులో కోకో రైతు చెమట చాలా ఉంది. ఆ బోర్డు సొమ్ము యాక్షన్ గ్రూప్ పార్టీకి మళ్లిందని 1962లో కోకర్ విచారణ సంఘం తేల్చి, అవోలోవోని తప్పుపట్టింది. ఆ సంఘాన్ని వేసింది ఆయన ప్రత్యర్థులే. ఆ సంగతి గుర్తుంచుకున్నా, సొమ్ము మళ్లడాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

1960లో స్వాతంత్ర్యం వచ్చింది. ఆయన కేంద్రంలో ప్రతిపక్ష నాయకుడు. ప్రీమియర్ కుర్చీలో తన తర్వాత కూర్చున్న అకింతోలాతో గొడవ ముదిరి పార్టీ చీలింది. 1962లో ప్రాంతీయ శాసనసభలో సభ్యులు కుర్చీలు విసురుకుని కొట్టుకున్నారు. కేంద్రం ఎమర్జెన్సీ పెట్టింది. కొన్నాళ్లకే, ప్రభుత్వాన్ని కూలదోయడానికి కుట్ర చేశారంటూ అవోలోవో మీద కేసు పెట్టింది.

ఆ కేసు కోసం ఆయన బ్రిటన్ నుంచి లాయర్ని పిలిపించుకున్నారు. ప్రభుత్వం ఆ లాయర్ని దేశంలోకి రానివ్వలేదు. నిందితుడు తనకి నచ్చిన లాయర్ని పెట్టుకోవచ్చని రాజ్యాంగంలో ఉంది కదా అని అవోలోవో కోర్టుకెక్కారు. దేశంలోకి వచ్చే హక్కు ఉన్న లాయర్ని మాత్రమే ఎంచుకోవాలని కోర్టు చెప్పింది. ఇక ఆయన తన కేసు తనే వాదించుకున్నారు. విచారణ నడుస్తుండగానే, 1963 జూలైలో, పెద్దకొడుకు సెగున్ కారు ప్రమాదంలో చనిపోయాడు. అతనూ లాయరే. రెండు నెలల తర్వాత, సెప్టెంబర్ 11న, తన చేతులు కట్టేసి ఉన్నాయంటూ జడ్జి సోవెమిమో పదేళ్ల శిక్ష వేశారు. మూడేళ్ల జైలు తర్వాత, 1966 ఆగస్టులో, సైనిక పాలకుడు గోవన్ ఆయన్ని విడుదల చేశారు.

ఇక్కణ్ణుంచి కథ చెప్పడం కష్టం. 1967లో తూర్పు ప్రాంతం బయాఫ్రా పేరుతో విడిపోయింది. యుద్ధం వచ్చింది. గోవన్ ప్రభుత్వంలో ఆర్థిక శాఖ అవోలోవోది. విదేశీ అప్పు తేకుండా యుద్ధం ఖర్చు నెట్టుకొచ్చారని అభిమానులు ఇప్పటికీ పొగుడుతారు. కానీ ఆ యుద్ధంలో బయాఫ్రా మీద ప్రభుత్వం పెట్టిన దిగ్బంధం వల్ల లక్షల మంది ఆకలితో చనిపోయారు. వాళ్లలో పిల్లలే ఎక్కువ. ఆహారం పంపితే శత్రు సైనికుల పాలవుతుందంటూ అవోలోవో ఆ విధానాన్ని సమర్థించారు. యుద్ధం అయ్యాక, బయాఫ్రా వైపు బ్యాంకుల్లో ఎంత దాచుకున్నవాళ్లకైనా చేతికిచ్చింది ఇరవై పౌండ్లే. తూర్పు ప్రాంతంలోని ఇగ్బో ప్రజలు దీన్ని మర్చిపోలేదు, మర్చిపోవాలని అడిగే హక్కు ఎవరికీ లేదు. ఫీజు కోసం కట్టెలు మోసిన మనిషి ఆ ఆకలికి అడ్డు చెప్పకపోవడం నన్ను బాధిస్తుంది.

1979లో పౌర పాలన తిరిగొచ్చింది. అధ్యక్ష ఎన్నికల్లో షెహు షగారికి దాదాపు 57 లక్షల ఓట్లు, అవోలోవోకి 49 లక్షలు. కానీ ఎక్కువ ఓట్లు వస్తే చాలదు. 19 రాష్ట్రాల్లో కనీసం మూడింట రెండు వంతుల రాష్ట్రాల్లో 25 శాతం ఓట్లు రావాలి. పందొమ్మిదిలో మూడింట రెండు వంతులంటే పన్నెండున్నర దాటుతుంది. షగారికి పన్నెండు రాష్ట్రాల్లో వచ్చాయి. పదమూడోదైన కానోలో 20 శాతం కూడా రాలేదు. అప్పుడు షగారి పార్టీ లాయరు అకింజిదే ఒక లెక్క తీశారు: కానోలో మూడింట రెండు వంతుల ఓట్లలో పాతిక శాతం వస్తే చాలని. ఎన్నికల సంఘం సరేనంది. రాష్ట్రాన్ని ముక్కలు చేసి లెక్కపెట్టడం ఎక్కడైనా ఉందా అంటూ అవోలోవో సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. సెప్టెంబర్ 26న ఓడిపోయారు. ఒక్క న్యాయమూర్తి కాయోదే ఎసో మాత్రం విభేదించారు. నా మటుకు నాకు ఎసో చెప్పిందే సబబుగా తోస్తుంది. ఓటరు రాష్ట్రంలో ఉంటాడు, రాష్ట్రంలో మూడింట రెండు వంతుల్లో ఉండడు.

అధ్యక్ష పదవి దక్కలేదు గానీ ఆయన పార్టీ అయిదు రాష్ట్రాలు గెలిచింది. అక్కడ ఉచిత విద్య ఈసారి హైస్కూలు దాకా వెళ్లింది. 1983లో మళ్లీ పోటీచేసి మళ్లీ ఓడారు. ఏడాది తిరగకుండానే సైన్యం పార్టీలన్నిటినీ రద్దు చేసింది. 1987 మే 9న, పుట్టిన ఊరు ఇకెన్నేలోనే, 78 ఏళ్ల వయసులో అవోలోవో కన్నుమూశారు. నైజీరియాకి దక్కకుండా పోయిన గొప్ప అధ్యక్షుడు ఈయనే అన్న మాట అప్పట్లో మారుమోగింది. ఆ మాట అన్నది ఎవరో కాదు, బయాఫ్రా నాయకుడు ఒజుక్వు.

నమస్కారం.