ఫోన్-ఇన్: చెక్‌సమ్ తప్పు డ్రైవర్‌దా, కార్డుదా?

యాంకర్: ఈరోజు విషయం లినక్స్‌లో నెట్‌వర్క్ కార్డు డ్రైవర్లు, చెక్‌సమ్, అంటే ప్యాకెట్‌లో డేటా చెడలేదని చూసుకోడానికి బైట్లు కూడి వేసే మొత్తం. వైట్‌ఫీల్డ్ నుంచి కాలర్ లైన్‌లో ఉన్నారు. చెప్పండి.

కాలర్: నమస్కారం సార్. మా కార్డు పంపే ప్రతి టీసీపీ ప్యాకెట్‌కీ చెక్‌సమ్ తప్పని, ప్యాకెట్లు పట్టి చూసే వైర్‌షార్క్ ప్రోగ్రామ్ చూపిస్తోంది.

నిపుణుడు: క్యాప్చర్, అంటే ఆ ప్యాకెట్ల రికార్డు, పంపే మెషిన్‌లోనే తీశారా?

కాలర్: అవును సార్.

నిపుణుడు: అయితే దాన్ని బట్టి బగ్ అనలేం. ఆఫ్‌లోడ్, అంటే ఈ లెక్కని కార్డుకి అప్పగించడం, ఆన్‌లో ఉంటే చెక్‌సమ్ పూర్తి చేసేది కార్డు, క్యాప్చర్ అంతకు ముందే జరిగిపోతుంది. అవతలి మెషిన్‌లో తీసి చూడండి. పంపేవైపు క్యాప్చర్ నమ్మి డ్రైవర్ మీద చెయ్యి వెయ్యొద్దు.

యాంకర్: థాంక్యూ. మారతహళ్లి నుంచి తర్వాతి కాలర్.

కాలర్: నమస్తే సార్, చాలాసేపటి నుంచి ట్రై చేస్తున్నా, ఇప్పటికి దొరికింది లైను. మాది చిన్న ఆర్మ్ బోర్డు సార్, గిగాబిట్ పోర్టు, డ్రైవర్ నేనే చూస్తున్నా, అంటే ముందు వేరే ఆయన రాశారు, ఆయన మానేశాక నా మీద పడింది. లాగ్ నిండా 'హెచ్‌డబ్ల్యూ సీసమ్ ఫెయిల్యూర్', అంటే హార్డ్‌వేర్ చెక్‌సమ్ తప్పింది అని వస్తోంది, నెట్ మాత్రం బాగానే పనిచేస్తోంది. కస్టమర్ ఆ లాగ్ చూసి టెన్షన్ పడుతున్నాడు. ఎత్‌టూల్ కమాండ్‌తో కార్డులో ఆర్‌ఎక్స్ చెక్‌సమ్, అంటే వచ్చే ప్యాకెట్ల లెక్క, ఆపేస్తే మెసేజ్ పోయింది. అలాగే రిలీజ్ ఇచ్చేయొచ్చా?

నిపుణుడు: వద్దు బాబూ. ఆపేస్తే వచ్చే ప్రతి ప్యాకెట్‌నీ మీ చిన్న సీపీయూయే కూడుకోవాలి. నెట్ ఎందుకు పనిచేస్తోందంటే, కార్డు ఇచ్చిన మొత్తం కుదరనప్పుడు కెర్నల్, అంటే లినక్స్ మూల భాగం, మళ్లీ తనే లెక్కేసి, సరిపోతే ప్యాకెట్ తీసుకుని, కార్డు మీద ఫిర్యాదు రాస్తుంది. ఆ ఫిర్యాదే మీ లాగ్. అన్ని ప్యాకెట్లకా, చిన్నవాటికేనా?

కాలర్: ఎక్కువగా డేటా లేని ఏసీకేలకి సార్, అదే, 'అందింది' అని చెప్పే ప్యాకెట్లకి. ఇంకోటి, రెండు బోర్డుల్నీ నేరుగా కేబుల్‌తో కలిపితే రాదు, మధ్యలో ల్యాబ్ స్విచ్ ఉంటేనే. స్విచ్ మార్చేయమంటారా?

నిపుణుడు: స్విచ్ జోలికి పోవద్దు, అసలు ఆధారం ఇదే! ఆప్షన్లు లేని ఏసీకే అంటే ఈథర్‌నెట్ హెడర్ 14, ఐపీ 20, టీసీపీ 20, మొత్తం 54 బైట్లు. చివర ఉండే 4 బైట్ల తనిఖీ కోడ్ ఎఫ్‌సీఎస్ కాకుండా కనీసం 60 ఉండాలి, అందుకని 6 బైట్ల ప్యాడింగ్, అంటే ఖాళీ నింపే బైట్లు, చేరుతుంది. అవి సున్నాలైతే కూడినా తీసినా మొత్తం మారదు. కొన్ని స్విచ్‌లు అక్కడ వేరేవి పెడతాయి. మీ డ్రైవర్ 'చెక్‌సమ్ కంప్లీట్' అంటోందా?

కాలర్: అన్నిటికీ అదే సార్.

నిపుణుడు: అంటే ఈథర్‌నెట్ హెడర్ తర్వాత ప్రతి బైటూ కూడేశానని కెర్నల్‌కి మాటిస్తున్నారు. చిప్ ఐపీ పొడవు దగ్గరే ఆగిపోతోందేమో చూడండి. కెర్నల్ ప్యాడింగ్ కత్తిరించేటప్పుడు దాని విలువనీ మొత్తంలోంచి తీసేస్తుంది. చిప్ కూడనే లేదు, ఇది తీసేసింది, ఇక లెక్క ఎలా కుదురుతుంది?

కాలర్: మరి ఆర్‌ఎక్స్ ఆపేస్తే సరిపోతుంది కదా సార్?

నిపుణుడు: మళ్లీ అదే మాట! 60 బైట్లు, అంతకు తక్కువ ఫ్రేములకి మాత్రం 'చెక్‌సమ్ నన్' అని వదిలేయండి, ఆ కాస్తా కెర్నల్ కూడుకుంటుంది. చిప్ చెప్పే పొడవులో ఎఫ్‌సీఎస్ కలిసి ఉంటే 64తో పోల్చాలి, అది మర్చిపోకండి. పెద్దవాటిని కార్డుకే వదలండి. మెల్లనాక్స్ కార్డుల ఎంఎల్‌ఎక్స్4 డ్రైవర్‌లో ఇలాగే చేశారు, ఆ కోడ్ చదవండి, మీకే ధైర్యం వస్తుంది.

యాంకర్: థాంక్యూ. చెన్నై, తరమణి నుంచి.

కాలర్: సార్, ఐపీవీ6లో యూడీపీ ప్యాకెట్ ఎప్పుడో ఒకటి పోతోంది. ఐపీవీ4లో పోదు.

నిపుణుడు: చెక్‌సమ్ లెక్క సున్నా వస్తే ఏం రాస్తున్నారమ్మా?

కాలర్: సున్నాయే సార్.

నిపుణుడు: 16 బిట్లూ ఒకట్లు రాయాలి. యూడీపీలో సున్నా అంటే చెక్‌సమ్ వెయ్యలేదని. ఐపీవీ4 ఊరుకుంటుంది, ఐపీవీ6 పారేస్తుంది. సుమారు 65 వేలకు ఒకటి అలా పడుతుంది, కావాలని సున్నా వచ్చే డేటా పేర్చి టెస్ట్ చేయండి. క్యాప్చర్ అవతలి మెషిన్‌లోనే, పంపేవైపు కాదు.

యాంకర్: ఎలక్ట్రానిక్ సిటీ, త్వరగా అడగండి.

కాలర్: వీలాన్ ట్యాగ్, అంటే ప్యాకెట్ ఏ వర్చువల్ నెట్‌వర్క్‌దో చెప్పే గుర్తు, పెడితే చెక్‌సమ్ తప్పుతోంది సార్.

నిపుణుడు: ట్యాగ్ 4 బైట్లు, అన్నీ అంత జరుగుతాయి. లెక్క ఎక్కడ మొదలవాలో చెప్పే ఆఫ్‌సెట్ మీరు రాసిపెట్టకండి, కెర్నల్ ఇచ్చే 'సీసమ్ స్టార్ట్' నుంచే తీసుకోండి.

కాలర్: అలాగే చేశా సార్, కానీ డబుల్ ట్యాగ్...

యాంకర్: టైమ్ అయిపోయింది, క్షమించండి. సార్, ధన్యవాదాలు.