మా బడిలో పరుగెత్తడం తప్పు
(మత విద్యాలయాల ఉపాధ్యాయుల సదస్సులో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న గురువులకు, పొద్దున్నుంచి కుర్చీలు మోస్తున్న పిల్లలకు నమస్కారం. అందరినీ పేరుపేరునా తలుచుకుంటే నాకిచ్చిన ఇరవై నిమిషాలూ దానికే సరిపోతాయి. పేరు రాలేదని ఎవరూ ఏమీ అనుకోకండి.

నాకిచ్చిన అంశం 'మత విద్యాలయాల్లో విద్యార్థుల శారీరక వికాసం'. పెద్ద మాటే. కాగితం మీద ఆరు పాయింట్లు రాసుకొచ్చాను. ఎన్నిటికి టైమ్ ఉంటుందో చూద్దాం.

నేనూ మత పాఠశాలలోనే చదువుకున్నాను, ఎనిమిదేళ్ళు. ఏ మతం బడి అని అడక్కండి, చెప్పను. చెబితే ఈ హాల్లో మూడొంతుల మంది 'ఓహో, మన సంగతి కాదులే' అని వెనక్కి వాలతారు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేపేవారు. ప్రార్థన, పాఠం, వల్లె, మళ్ళీ పాఠం, మళ్ళీ వల్లె. రోజుకి తొమ్మిది గంటలు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడమే. సాయంత్రం కాళ్ళూచేతులూ కడుక్కోవడానికి ఇరవై నిమిషాలు వదిలేవారు. అందులో రెండు నిమిషాలు కడుక్కునేవాళ్ళం, పద్దెనిమిది నిమిషాలు ఆడుకునేవాళ్ళం.

బంతి మేమే చేసుకున్నాం. చిరిగిన బట్టలు ఉండలా చుట్టి పైన పురికొస బిగించాం. అది ఎగిరేది కాదు, దొర్లేది. ఒకరోజు ఏ మహత్తు వల్లో ఎగిరింది. తన్నింది నేనే. కిటికీలోంచి దూరి, మా గురువుగారు తెరిచి పెట్టుకున్న గ్రంథం మీద పడింది. పుట మీద అరచేతంత మట్టి మరక. ఆయన అరవలేదు. చేతులు కడుక్కుని వచ్చి, మెత్తటి గుడ్డతో మరక తుడిచి, గ్రంథాన్ని కళ్ళకద్దుకుని పక్కన పెట్టారు. బంతిని పుస్తకాల అలమరాలో పడేసి తాళం వేశారు. అప్పుడు నావైపు చూసి, "రెండు వందల గుంజీళ్ళు" అన్నారు.

నూట ఇరవై దగ్గర కాళ్ళు వణకడం మొదలైంది. రెండు వందలకి గోడ పట్టుకుని నిలబడ్డాను.

గ్రంథం మీద మట్టి పడింది, తప్పు నాదే. శిక్ష వేసినందుకు నాకేం కోపం లేదు. నా బాధ వేరే. ఎనిమిదేళ్ళలో మా బడి మాతో చేయించిన వ్యాయామం అదొక్కటే. ఆలస్యంగా లేస్తే గుంజీళ్ళు. వల్లె తప్పితే గుంజీళ్ళు. ప్రార్థనలో నవ్వితే ఆవరణ చుట్టూ పది చుట్లు. ఒంటికి చెమట పట్టిందంటే వాడేదో వెధవ పని చేశాడన్నమాట. కదలకుండా కూర్చున్నవాడు బుద్ధిమంతుడు. ఇది మాకెవరూ నోటితో చెప్పలేదు, ఒళ్ళే నేర్చేసుకుంది. బడి వదిలాక పదేళ్ళ వరకు ఎవరైనా పరుగెత్తుతుంటే నాకు ముందు వచ్చే ఆలోచన 'పాపం, ఏం చేశాడో' అనే.

మా జట్టులో ఒక బుద్ధిమంతుడు ఉండేవాడు. ఎనిమిదేళ్ళలో ఒక్క గుంజీ కూడా తీయలేదు. అన్నీ కంఠతా వచ్చేవి. ఇప్పుడు వాడూ గురువే. ఆ మధ్య కలిస్తే, కుర్చీలో కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నాడు. వయసు నలభై ఆరు. మోకాళ్ళు, నడుము, షుగరు, బరువు, అన్నీ కలిసి నేల మీద కూర్చోనివ్వడం లేదు. నేల మీద కూర్చోవడం తప్ప ఇంకేమీ నేర్పని బడిలో ఫస్టు వచ్చినవాడి గతి అది. "నువ్వు అదృష్టవంతుడివిరా, నీకు గుంజీళ్ళు పడ్డాయి" అన్నాడు నాతో. ఇద్దరం నవ్వాం. ఆ రోజు ఇంటికెళ్ళాక నాకు నవ్వు రాలేదు.

సరే, కాగితంలోకి వస్తాను. మొదటి పాయింటు లెక్కలు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు సగటున రోజుకి 60 నిమిషాలు ఒళ్ళు బాగా కదిలేలా ఏదో ఒకటి చేయాలని, వారంలో కనీసం 3 రోజులు గుండె వేగంగా కొట్టుకునేంత గట్టిగా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. అదే సంస్థ పరిశోధకులు 146 దేశాల లెక్కలు తీస్తే, 2016 నాటికి 11 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో నూటికి 81 మంది ఆ 60 నిమిషాలు చేయడం లేదు. మగపిల్లల్లో 78, ఆడపిల్లల్లో 85. మామూలు బళ్ళలో చదివేవాళ్ళు కూడా ఈ లెక్కలో ఉన్నారు. మన బళ్ళ సంగతి విడిగా తీస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

విడిగా తీసింది ఒకటి నా దగ్గర ఉంది, కాకపోతే అది కళ్ళ గురించి. యూదు టీనేజీ పిల్లల మీద 1993లో ఒక అధ్యయనం వచ్చింది. మతాచారం కచ్చితంగా పాటించే బళ్ళలో చదివే మగపిల్లల్లో నూటికి 80 మందికి పైగా దూరపు చూపు సరిగా ఆనలేదు. అలాంటి కుటుంబాల ఆడపిల్లల్లో ఆ సంఖ్య 36 మాత్రమే. ఇద్దరిదీ ఒకే సమాజం. తేడా ఎక్కడంటే, మగపిల్లలు పొద్దస్తమానం చిన్న అక్షరాల మీదికి వంగి, ముందుకీ వెనక్కీ ఊగుతూ చదువుతారు. పిల్లలు పగటి వెలుతురులో ఎక్కువసేపు గడిపితే ఈ చూపు సమస్య తగ్గుతుందని ఆ తర్వాత చాలా పరిశోధనలు చెప్పాయి. గ్రంథం చదవడానికి కావలసింది కళ్ళే కదండీ! ఆ కళ్ళ కోసమైనా పిల్లల్ని గంటసేపు బయటికి వదలండి.

రెండో పాయింటు శాస్త్రాలు ఏమంటున్నాయన్నది. ఇది మీకు నేను చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. బలహీనుడికి ఆత్మ దొరకదంది ముండకోపనిషత్తు. బలమైన విశ్వాసి బలహీనుడి కంటే మేలు, ఇద్దరిలోనూ మంచి ఉందని హదీసు, అంటే ముహమ్మద్ ప్రవక్త మాట. కొడుక్కి తండ్రి ఈత కూడా నేర్పాలని యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లో ఒక మాట ఉంది. నడకకి ఐదు లాభాలు చెప్పాడు బుద్ధుడు: ప్రయాణానికి తట్టుకుంటారు, సాధనకి ఓపిక వస్తుంది, జబ్బులు తక్కువ, తిన్నది అరుగుతుంది, నడుస్తూ కుదిరిన ఏకాగ్రత చాలాసేపు నిలుస్తుంది. ఐదోది మన వల్లె వేసే పిల్లలకి ఎంత పనికొస్తుందో చూడండి. కూర్చోబెట్టి ఊగిస్తున్నాం గానీ, వరండాలో నడుస్తూ వల్లె వేయమంటే ఏం పోయింది?

ఒక ఫాదర్ గారు నన్ను పక్కకి పిలిచి, శరీర సాధకం కొంచెం మట్టుకే ప్రయోజనమని బైబిల్లో పౌలు రాశాడు కదా అన్నారు. రాశాడు, నేను కాదనను. ఆ కొంచెమైనా ఇవ్వండి అంటున్నాను! బాస్కెట్‌బాల్ ఆట కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ వేదాంత విద్య చదువుకున్నవాడే. 1891 చలికాలంలో, ఒక క్రైస్తవ శిక్షణ పాఠశాలలో, బయట ఆడలేక లోపల అల్లరి చేస్తున్న కుర్రాళ్ళని పట్టలేక, రెండు పీచ్ పళ్ళ బుట్టలు హాల్లో బాల్కనీ అంచుకి బిగించాడు. బంతి బుట్టలో పడ్డ ప్రతిసారీ ఒకడు నిచ్చెనెక్కి తీసేవాడట. అల్లరి చేసినందుకు ఆయన వాళ్ళతో గుంజీళ్ళు తీయించలేదు. చూశారా, మళ్ళీ అక్కడికే వచ్చాను. ఏం చేయను, నా గొడవ నాది.

మూడోది, ప్రార్థనలోనే వ్యాయామం ఉంది కదా అన్న వాదన. లేవడం, వంగడం, సాష్టాంగపడటం, అన్నీ ఒంటికి మంచివే. అయితే నెమ్మదిగా, భక్తితో చేసేది ప్రార్థన. ఊపిరి ఎగబీల్చేలా చేస్తే అది ప్రార్థన కాదు. పిల్లల గుండెకి ఆ ఎగబీల్చడమే కావాలి. దేని పని దానిదే. ఇక ఉపవాస దినాల్లో పరుగులు పెట్టించకండి, నాలుగడుగులు నడిపిస్తే చాలు.

నాలుగోది చదువు వెనకబడుతుందన్న భయం. అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ 2010లో 50 అధ్యయనాలు పరిశీలించింది. చూసిన సంబంధాల్లో సగం చోట్ల కదలిక ఉన్నచోట చదువు మెరుగ్గా ఉంది, దాదాపు మిగతా సగంలో ఏ తేడా లేదు. చెడ్డ ఫలితం వచ్చింది నూటికి ఒకటిన్నర చోట. ఈ భయం గురించి ఇంతకంటే మాట్లాడను.

ఆడపిల్లల గురించి మాత్రం రెండు మాటలు. నిండుగా బట్టలు కట్టుకుంటారు, మర్యాద ఉంటుంది, ఎవరూ చూడకూడదంటారు. ఒప్పుకుంటాను. అందుకని ఆట మాన్పించడం ఏమిటండీ? తలుపులు వేసిన హాలు, ఒక టీచరమ్మ, నాలుగు తాళ్ళు. స్కిప్పింగ్‌కి మైదానం అక్కర్లేదు. కాళ్ళకి అడ్డం పడని వదులు పైజామా కుట్టించండి, తలగుడ్డ జారకుండా పిన్ను పెట్టనివ్వండి. ఒక బడిలో చూశాను, మగపిల్లలకి వాలీబాల్ నెట్టు ఉంది, ఆడపిల్లలకి ఆ నెట్టు ఉతికే పని ఉంది. ఇక్కడ కూర్చున్న అక్కలూ అమ్మలూ, ఇది మీరు అడగకపోతే ఎవరూ అడగరు. చప్పట్లు వద్దు, అడగండి.

అధ్యక్షులవారు చీటీ పంపించారు, రెండు నిమిషాలట. ఐదు, ఆరు పాయింట్లు వదిలేస్తున్నాను. అవి గ్రాంట్లు, మైదానాల గురించి. డబ్బు లేనిచోట అవి చదివినా ఒకటే, చదవకపోయినా ఒకటే.

ఒక్కటి అడిగి దిగిపోతాను. దీనికి డబ్బు అక్కర్లేదు. రేపు పొద్దున మీ బడిలో ఎవడో ఒకడు ఆలస్యంగా వస్తాడు, తప్పకుండా వస్తాడు. వాడితో గుంజీళ్ళు తీయించకండి. మైదానం చుట్టూ పరుగెత్తించకండి. సాయంత్రం ఆట కూడా బంద్ చేయకండి, అదీ అలాంటిదే. మరి ఏం శిక్ష వేయాలంటారా? మీ ఇష్టం. నాలుగు పుటలు ఎక్కువ వల్లె వేయమని మాత్రం చెప్పకండి. పరుగును శిక్ష చేస్తే ఏమవుతుందో ఇందాక చెప్పాను కదా.