పోయిన సెటప్ డిస్కును తిరిగి సంపాదించడం ఎలా?

సభలోని పెద్దలకు, పాలిటెక్నిక్ విద్యార్థులకు, మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల నుంచి పనులు ఆపుకుని వచ్చిన రిపేరు మిత్రులకు నమస్కారం.

పాత కంప్యూటర్ ఆన్ చేయగానే తెర మీద 162 అనే అంకె వస్తుంది. దాని కిందే 163. మీలో చాలామంది ఈ అంకెలు చూసే ఉంటారు. చూసిన మరుక్షణం ‘మదర్‌బోర్డు పోయింది’ అని తేల్చేసేవాళ్లను నేను చాలామందిని చూశాను. అది తొందరపాటు తీర్పు. 162 అంటే యంత్రం తన అమరికను మరిచిపోయిందని, 163 అంటే దానికి తేదీ, సమయం తెలియడం లేదని. ఐబీఎం యంత్రాల్లోనూ, కాంపాక్ యంత్రాల్లోనూ వీటి అర్థం ఇదే. రెండూ కలిసి కనిపిస్తే మొదట అనుమానించవలసింది లోపలి బ్యాటరీని. బ్యాటరీ మారిస్తే సగం పని అయినట్లే. మిగతా సగానికి, అంటే యంత్రానికి దాని అమరికను మళ్లీ చెప్పడానికి, సెటప్ ప్రోగ్రాము ఉన్న ఒక ఫ్లాపీ కావాలి. ఆ ఫ్లాపీ ఎవరి దగ్గరా ఉండదు. ఎప్పుడో పదిహేను, ఇరవై ఏళ్ల కింద బీరువా సర్దినప్పుడు పోయి ఉంటుంది. ఆ ఒక్క కారణంతో, నడవగలిగే యంత్రం కిలోల లెక్కన పాత సామాన్ల కొట్టుకు వెళ్లిపోతోంది. అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఎందుకంటే ఆ ఫ్లాపీని మళ్లీ సంపాదించవచ్చు, మన చేతులతో తయారు చేసుకోవచ్చు.

అసలు అమరిక చెప్పడానికి విడిగా ఒక డిస్కు ఎందుకు అని విద్యార్థులు అడుగుతారు. తొలి పీసీలో ఎంత మెమరీ ఉంది, ఎన్ని డ్రైవులున్నాయి అనేది బోర్డు మీది చిన్న స్విచ్చులను అటూ ఇటూ జరిపి చెప్పేవారు. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీలో ఆ పనిని మోటరోలా వారి గడియారం చిప్పుకు అప్పగించారు. ఆ చిప్పు గుర్తుంచుకోగలిగేది మొత్తం 64 బైట్లు. గడియారానికి 14 పోగా మిగిలేవి 50. ఫ్లాపీ డ్రైవు ఏ రకం, హార్డ్ డిస్కు ఏ రకం, మెమరీ ఎంత అన్నవన్నీ ఆ 50 బైట్లలోనే ఉంటాయి. వాటిని నింపే ప్రోగ్రామును మాత్రం యంత్రంలో పెట్టకుండా డయాగ్నస్టిక్ ఫ్లాపీలో, అంటే పరీక్షల డిస్కులో పెట్టి ఇచ్చారు. తర్వాతి రోజుల్లో అనుకూల యంత్రాలు చేసినవాళ్లు, డిలీట్ మీట నొక్కితే సెటప్ తెర వచ్చేలా దాన్ని బయోస్‌లోనే, అంటే యంత్రాన్ని లేపే బోర్డు మీది ప్రోగ్రాములోనే చేర్చారు. మన ఊళ్లలో అసెంబుల్ చేయించుకున్న పీసీలు ఎక్కువగా ఆ తరహావే కాబట్టి వాటితో ఈ ఇబ్బంది లేదు. చిక్కంతా పెద్ద కంపెనీల పేరుతో వచ్చిన యంత్రాలతోనే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 162 వచ్చిందంటే హార్డ్ డిస్కులోని ఫైళ్లు పోయాయని కాదు. పహాణీలో పేరు చెరిగిపోయినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు. కానీ పేరు లేని పొలం మీద ఎవరూ అప్పు ఇవ్వరు. నమోదు లేని డిస్కును యంత్రం తెరవదు. అప్పుడు 1780 అనే మరో అంకె కూడా రావచ్చు. అది మొదటి హార్డ్ డిస్కు పలకడం లేదని చెప్పే అంకె. దాన్ని చూసి కంగారుపడి ఫార్మాట్ చేయకండి. డిస్కు మీద అంటించిన చీటీలో సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు ఎన్నో రాసి ఉంటుంది. మూత తీసిన వెంటనే ఆ మూడు అంకెలనూ రాసుకోండి, ఫోనుతో ఫొటో తీసుకోండి. సెటప్ ప్రోగ్రాము చాలా యంత్రాల్లో అడిగేది వాటినే.

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో, వేబ్రిడ్జి గదిలో పాత కాంపాక్ డెస్క్‌ప్రో ఉండేది. లారీ కాంటా ఎక్కగానే బరువు సీరియల్ పోర్టు గుండా లోపలికి వచ్చేది, విండోస్‌కు ముందు కాలపు డాస్ మీద నడిచే ప్రోగ్రాము దాన్ని అందుకునేది, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు చీటీ కొట్టేది. ఆ ప్రోగ్రాము రాసిన మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. మూత తీస్తే బోర్డంతా ఊక దుమ్ము పేరుకుని, ఫ్యాను రెక్కలకు తవుడు అట్టకట్టి ఉంది. బ్యాటరీ అయిపోయింది. దానికంటే పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. అంతకుముందు వచ్చిన కుర్రవాడు, డిస్కును భాగాలుగా విడదీసే ఎఫ్‌డిస్క్ ప్రోగ్రాము తెరిచి, డిస్కు మొదట్లో డాస్‌ది కాని చిన్న భాగం కనిపిస్తే, దానితో పనేముందని తీసేశాడు. సెటప్ అంతా ఆ భాగంలోనే ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

1990లలో వచ్చిన చాలా డెస్క్‌ప్రోలలో కాంపాక్ అనుసరించిన పద్ధతి అది. సెటప్‌ను, పరీక్షలు చేసే ప్రోగ్రామును హార్డ్ డిస్కులోనే విడిగా ఒక చిన్న భాగంలో దాచేవారు. యంత్రం లేచేటప్పుడు తెర కుడి పై మూలలో కర్సరు కొన్ని క్షణాలు మిణుకుమంటుంది. అప్పుడే ఎఫ్10 నొక్కితే ఆ భాగం తెరుచుకుంటుంది. హార్డ్ డిస్కు మార్చినా, ఆ భాగాన్ని చెరిపినా ఎఫ్10 ఎంత నొక్కినా ప్రయోజనం ఉండదు. ఇక ఫ్లాపీలే దిక్కు. కొత్త డిస్కు వేసేవాళ్లు ఈ భాగాన్ని ముందుగా సృష్టించి, ఆ తర్వాతే డాస్‌కో విండోస్‌కో చోటు కేటాయించాలి. వరుస తప్పితే మళ్లీ మొదటికి వస్తారు.

సరే, ఆ ఫ్లాపీలు ఎక్కడ దొరుకుతాయి? ముందు యంత్రం పూర్తి పేరు కావాలి. ముందు భాగంలో మెరిసే అక్షరాలను చూసి సరిపెట్టుకోకండి. వెనుకవైపో అడుగునో ఉన్న చీటీలోని మోడల్ సంఖ్యను చూడండి. డెస్క్‌ప్రో అనే పేరుతో 1986 నాటి 386 యంత్రమూ ఉంది, పెంటియం యంత్రాలూ ఉన్నాయి. ఒకదాని సెటప్ ఇంకోదానికి పనికిరాకపోవచ్చు. కాంపాక్ తన ఫ్లాపీలను సాఫ్ట్‌పాక్ అనే పేరుతో, ‘ఎస్‌పీ’ అక్షరాల తర్వాత ఒక సంఖ్య వేసి విడుదల చేసేది. 2002లో ఆ కంపెనీ హెచ్‌పీలో కలిసిపోయింది. ఇప్పుడు పాత సాఫ్ట్‌పాక్‌ల కోసం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ, పాత యంత్రాల మీద ప్రేమ ఉన్నవాళ్లు దాచిపెట్టిన నిల్వల్లోనూ వెతకాలి. ప్రతి ప్యాకుతో ఒక చిన్న వివరణ ఫైలు వస్తుంది. మీ మోడల్ పేరు అందులో ఉందో లేదో చదివి నిర్ధారించుకున్నాకే ముందుకు వెళ్లండి.

దొరికిన ఫైలును ఇవాళ్టి ల్యాప్‌టాప్‌లో నొక్కితే తెరుచుకోదు. అది 16 బిట్ల కాలం నాటి ప్రోగ్రాము. 64 బిట్ల విండోస్ అలాంటివాటిని అసలు నడపదు. ఫైలు పాడైపోయిందనుకుని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. దారి ఉంది. మన ల్యాప్‌టాప్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ లాంటిదానిలో డాస్ వేసి, ఖాళీ ఫ్లాపీ ఇమేజీ (ఫ్లాపీ మొత్తానికి అచ్చు నకలైన ఫైలు) ఒకటి తగిలించి, ఆ ఫైలును అందులో నడపండి. ‘ఫ్లాపీ పెట్టండి’ అని అడిగినప్పుడు ఆ ఉత్తుత్తి ఫ్లాపీనే చూపించండి. పని పూర్తయ్యేసరికి మీ చేతిలో చక్కటి ఇమేజీ ఫైలు ఉంటుంది. దానికి ఎన్ని నకళ్లయినా తీసుకోవచ్చు.

ఇమేజీని ఫ్లాపీలోకి మామూలుగా కాపీ చేస్తే యంత్రం లేవదు. ఫ్లాపీలోని మొట్టమొదటి సెక్టారుతో సహా అక్షరం పొల్లుపోకుండా రాయాలి. డాస్‌లో రారైట్, లినక్స్‌లో డీడీ చేసే పని అదే. ఇమేజీ ఫైలు సైజు చూస్తే అది ఏ ఫ్లాపీకి సంబంధించినదో తెలిసిపోతుంది. 14,74,560 బైట్లు ఉంటే మూడున్నర అంగుళాల 1.44 ఎంబీ డిస్కు: రెండు వైపులా 80 ట్రాకులు, ట్రాకుకు 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు. 7,37,280 ఉంటే 720 కేబీ. 12,28,800 ఉంటే అయిదుంబావు అంగుళాల 1.2 ఎంబీ, 3,68,640 ఉంటే 360 కేబీ. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవుతో మూడున్నర అంగుళాల డిస్కులు రాయవచ్చు. అయిదుంబావు అంగుళాలవాటికి పాత డ్రైవు ఉన్న పాత యంత్రం కావాలి, లేదంటే పాత డ్రైవును ఇప్పటి కంప్యూటర్‌కు యూఎస్‌బీతో కలిపే గ్రీజ్‌వీజిల్ వంటి చిన్న బోర్డు కావాలి. ఆ పాత డ్రైవుల్లోనూ ఒక మెలిక ఉంది. 1.2 ఎంబీ డ్రైవు గీసే ట్రాకు సన్నగా ఉంటుంది. అప్పటికే వాడిన 360 కేబీ డిస్కు మీద దానితో రాస్తే, పాత వెడల్పాటి గీత అంచులు కింద మిగిలిపోతాయి. 360 కేబీ డ్రైవు ఆ రెండింటినీ కలిపి చదివి తికమకపడుతుంది. అందుకే ఎన్నడూ వాడని డిస్కునో, అయస్కాంతంతో పూర్తిగా తుడిచిన డిస్కునో తీసుకోవాలి.

ఖాళీ ఫ్లాపీలు కొత్తవి దొరకడం కష్టం. జపాన్‌లో వాటి అమ్మకాన్ని సోనీ 2011 మార్చిలో ఆపేసింది. మనకు దొరికేవి ఎవరి అలమారులోనో మిగిలినవి. సికింద్రాబాద్ పార్క్ లేన్ వెళ్లినప్పుడు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోని పాత దుకాణాల్లో అడిగి చూడండి. దొరికినదాన్ని డ్రైవులో పెట్టే ముందు వెలుతురులోకి తీసుకెళ్లండి. రేకు మూతను పక్కకు జరిపి, వెనుకనున్న లోహపు చక్రాన్ని వేలితో నెమ్మదిగా తిప్పుతూ, లోపలి గోధుమరంగు పొరను చూడండి. తెల్లటి మచ్చలో, పొగమంచులాంటి పూతో కనిపిస్తే అది బూజు. దాన్ని డ్రైవులో పెట్టారంటే హెడ్డు మురికవుతుంది, ఆ తర్వాత పెట్టే మంచి డిస్కు మీద గీతలు పడతాయి. వేసవిలో రేకుల షెడ్డు కింద ఫ్లాపీలు ఉంచడం ఎంత నష్టమో మన జిల్లాల వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

ఐబీఎం పీఎస్/2 యంత్రాలు మన ప్రాంతంలో నాకు తక్కువగా కనిపించాయి. అయినా 1987లో వచ్చిన ఆ వరుసలో మైక్రో చానల్, అంటే కార్డులు తగిలించడానికి ఐబీఎం తెచ్చిన సొంత పద్ధతి, ఉన్నవాటి గురించి రెండు ముక్కలు చెబుతాను. వాటి కార్డుల మీద స్విచ్చులు, జంపర్లు పెట్టి అమర్చే అవసరం ఉండదు. ప్రతి కార్డుకూ నాలుగు అంకెల గుర్తింపు ఉంటుంది, దానికి సరిపోయే ఒక వివరణ ఫైలు రిఫరెన్స్ డిస్కులో ఉండాలి. కార్డుతో వచ్చిన ఆప్షన్ డిస్కు పోతే యంత్రం ఆ కార్డును గుర్తించలేదు. కాబట్టి అక్కడ వెతకవలసినవి రెండు: యంత్రం రిఫరెన్స్ డిస్కు, కార్డు ఆప్షన్ డిస్కు. కార్డు ఫైలును రిఫరెన్స్ డిస్కులోకి చేర్చాలి గనుక, అసలు డిస్కును దాచి, రాయడానికి వీలున్న నకలుతోనే పనిచేయండి.

పరీక్షల డిస్కు సంగతి వేరు. అచ్చం ఆ కంపెనీదే దొరకాలన్న పట్టుదల అక్కర్లేదు. మెమరీని పరీక్షించడానికి మెమ్‌టెస్ట్86 పాత వెర్షన్ సరిపోతుంది. ఫ్లాపీతో యంత్రాన్ని లేపి చూడటానికి ఉచితంగా దొరికే డాస్, ఫ్రీడాస్ ఉంది. ఏటీ తరహా యంత్రాలకైతే సెటప్‌కు కూడా జీసెటప్ లాంటి సార్వత్రిక ప్రోగ్రాములు ఉన్నాయి, ఆ 50 బైట్లలో సాధారణమైనవాటిని నింపడానికి అవి చాలు. కాంపాక్, మైక్రో చానల్ యంత్రాల విషయంలో మాత్రం వాటిని నమ్ముకోకండి. ఇంకో జాగ్రత్త. పీఎస్/2 రిఫరెన్స్ డిస్కు మెనూలో కంట్రోల్, ఏ మీటలు కలిపి నొక్కితే పైకి కనిపించని పరీక్షలు తెరుచుకుంటాయి. వాటిలో హార్డ్ డిస్కును అడుగు నుంచి ఫార్మాట్ చేసేది కూడా ఉంది. కుతూహలం కొద్దీ దాని జోలికి వెళ్లకండి.

ఇంత శ్రమ దేనికి, కొత్త కంప్యూటర్ కొనుక్కుంటే పోదా అని అడిగేవాళ్లకు నా సమాధానం ఇది. వేబ్రిడ్జి ఒక ఉదాహరణ మాత్రమే. 1990లలో, భారతీయ భాషల కోసం ప్రభుత్వ సంస్థ సీ-డాక్ చేసిన జిస్ట్ కార్డు పెట్టి తెలుగు టైపు చేసిన యంత్రాలు ఉన్నాయి. వాటిలోని అక్షరాలు, భారతీయ లిపులకు అంకెలు కేటాయించిన 1991 నాటి ఇస్కీ ప్రమాణంలో ఉంటాయి. వాటిని ఇవాళ్టి యూనికోడ్‌లోకి మార్చడం పెద్ద కష్టం కాదు, ఫైలు చేతికొస్తే చాలు. హార్డ్ డిస్కు విప్పి వేరే యంత్రానికి తగిలించవచ్చు కదా అంటారు. ఐడీఈ డిస్కయితే (వెడల్పాటి 40 పిన్నుల తీగతో కలిసే రకం) తప్పకుండా ముందు ఆ పనే చేయండి, మొత్తం ఇమేజీ తీసి పెట్టుకున్నాకే మిగతా ప్రయోగాలు. కానీ అంతకంటే పాతవి, ముఖ్యంగా విడి కంట్రోలర్ కార్డుతో నడిచే ఎంఎఫ్ఎం డిస్కులు, ఇప్పటి ఏ యూఎస్‌బీ తీగకూ అమరవు. తొలినాటి ఐడీఈ డిస్కుల్లోనూ కొన్ని ఆ తీగలకు పలకవు. వాటిని తెరవడానికి అందరికీ అందుబాటులో ఉన్న దారి వాటి సొంత యంత్రమే. ఆ యంత్రం లేవాలంటే సెటప్ కావాలి. ఒక ఊరి సాహిత్య సంస్థ ప్రత్యేక సంచిక, ఒక కవి అచ్చుకు ఇవ్వని రాతప్రతి, ఒక సహకార సంఘం లెక్కలు ఆ చిన్న ఫ్లాపీ లేక ఆగిపోవడం నేను ఒప్పుకోలేను.

నకలు తీయడం తప్పా అని కొందరికి సందేహం. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో, ప్రోగ్రాము ప్రతిని న్యాయంగా కలిగి ఉన్నవారు అది పోకుండా, పాడవకుండా రక్షణ కోసం నకలు తీసుకోవచ్చని ఉంది. కాబట్టి మీ దగ్గర అసలు ఫ్లాపీ ఉంటే ఇవాళే ఇమేజీ తీయండి. ఫ్లాపీ మూలనున్న చిన్న గొళ్లాన్ని జరిపి రంధ్రం తెరిచి ఉంచితే దానిమీద ఎవరూ పొరపాటున రాయలేరు. అయిదుంబావు అంగుళాల డిస్కుకైతే అంచున ఉన్న గంటును కాగితంతో మూయాలి. కొత్తగా చేసిన డిస్కుతో యంత్రాన్ని ఒకసారి లేపి చూశాకే పని అయిందనుకోండి. ఆ తర్వాత మోడల్ సంఖ్య, హార్డ్ డిస్కు మూడు అంకెలు, బ్యాటరీ మార్చిన తేదీ ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ మూత లోపలివైపు అంటించండి. పాత యంత్రాల్లో బోర్డుకు అతికించిన నికెల్-కాడ్మియం బ్యాటరీ ఉంటే, అది కారి తీగలను తినేయక ముందే తీసేయండి.

ఫ్లాపీలు వెంట తెచ్చుకున్నవాళ్లు బయట బల్ల దగ్గర ఇవ్వండి, ఇమేజీ తీసి పెన్‌డ్రైవులో వేసి, అసలు డిస్కు మీకే తిరిగి ఇస్తాం. బూజు అనుమానం ఉన్నవాటిని దయచేసి వేరే కవర్లో పెట్టి ముందుగానే చెప్పండి. ఒకే డ్రైవు ఉంది, దానితోనే అందరివీ చదవాలి.