కెష్ జిగ్ నేర్చుకుందాం: ఇంట్లోనే ఐరిష్ ఫిడేలు, ఫోన్‌లోనే రికార్డింగ్

[మొదటి ఇరవై సెకన్లు మాటల్లేవు. కెష్ జిగ్ మొదటి భాగం రెండుసార్లు, మామూలు స్పీడులో. కాలి చప్పుడు వినిపిస్తుంది, ఎడిటింగ్‌లో తీసెయ్యొద్దు.]

ఇది మోహన రాగం కాదండీ. మా అమ్మ ఫోన్‌లో విని "మోహనే కదా, ఎందుకే అంత పరుగు" అంది. ఆవిడ తప్పేం లేదు, స రి గ ప ద తోనే సాఫీగా నడుస్తూ వచ్చి సరిగ్గా ముగింపు దగ్గర మోహనలో లేని నిషాదం (ని) ఒక్కటి తగులుతుంది, అక్కడ గుట్టు బయటపడుతుంది. దీని పేరు కెష్ జిగ్. 1975లో బోతీ బ్యాండ్ అనే ఐరిష్ గ్రూపు వాళ్లు తమ మొదటి ఆల్బమ్‌ని దీంతోనే మొదలుపెట్టారు. ఐర్లండ్‌లో ఫిడేలు నేర్చుకునేవాళ్లకి చాలా తొందరగా ఎదురయ్యే ట్యూన్ ఇది.

నమస్తే. నేను ఐర్లండ్‌లోని లిమరిక్‌లో ఉంటాను, చిన్నప్పుడు ఏడేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకుని ఇంటర్‌లో వదిలేసిన బాపతు. ఇక్కడికొచ్చాక మళ్లీ పట్టుకున్నాను, కానీ వేరే సంగీతంతో. ఈ వీడియోలో ఒకే ఒక్క ట్యూన్ తీసుకుని, అది చెవితో ఎలా నేర్చుకోవాలి, ఇంట్లో ఎలా రికార్డ్ చేసుకోవాలి అనేది చూద్దాం. మైకులు, సౌండ్ కార్డుల రివ్యూ కోసం వచ్చినవాళ్లు ఇప్పుడే వెళ్లిపోవచ్చు, నా దగ్గరున్నది ఫోనూ, ఒక స్టాండూ, రెండు దుప్పట్లూ.

ముందు ఒక మాట. "సెల్టిక్ మ్యూజిక్" అని వెతికితే దొరికేదాంట్లో సగం మసాజ్ సెంటర్లో పెట్టే సంగీతం. ఇక్కడ వాయించేవాళ్లు తమ సంగీతాన్ని "ట్రాడ్" (సంప్రదాయ సంగీతం) అంటారు. ఐర్లండ్, స్కాట్లండ్, కెనడాలో కేప్ బ్రెటన్, వీటిలో ఒక్కోచోట కమాను (బో) ఒక్కోలా నడుస్తుంది. ఐర్లండ్‌లోనే డోనెగల్ వాళ్లు కమాను ఒక్కో స్వరానికి ఒక్కో దెబ్బగా గట్టిగా కొడతారు, స్లైగో వాళ్లు స్వరాల్ని కలిపి జారుస్తారు, కెర్రీ, కార్క్ సరిహద్దు కొండల్లో ఉన్న ష్లీవ్ లూఅక్ర వాళ్లకి పోల్కాలంటే (ఒక రకం నాట్యపు ట్యూన్లు) ప్రాణం. అన్నీ ఒకేసారి నేర్చుకోకండి, ఒక ఊరి యాసలా ఒకటి పట్టుకోండి.

[తెర మీద: తకిట తకిట]

జిగ్, రీల్ అనేవి నాట్యపు ట్యూన్లలో రకాలు. జిగ్ అంటే బార్‌కి (మన ఆవర్తనం లాంటిది) రెండు తకిటలు. రీల్ అంటే తకధిమి. స్లిప్ జిగ్ అంటే మూడు తకిటలు. తాళం వేసిన చెయ్యికి ఇది ఐదు నిమిషాల పని, ఇదొక్కటే మనకి దొరికిన అడ్వాంటేజ్. కాకపోతే మూడు అక్షరాలూ సమానంగా వాయిస్తే కుట్టుమిషన్‌లా ఉంటుంది. మొదటిది కొంచెం సాగాలి, రెండోది కొంచెం నలగాలి, "తాకిట తాకిట" అన్నట్టు. ఎంత సాగాలి అని అడక్కండి, అది రాసి చూపించేది కాదు, అందుకే చెవితో నేర్చుకోమనేది.

ట్యూన్ మొత్తం ఎనిమిది బార్ల మొదటి భాగం రెండుసార్లు, ఎనిమిది బార్ల రెండో భాగం రెండుసార్లు, మొత్తం 32 బార్లు. మళ్లీ మొదటికి. మూడుసార్లు అలా తిరిగాక ఆగకుండా ఇంకో ట్యూన్‌లోకి వెళ్లిపోతారు. కల్పన స్వరాలు లేవు, నెరవల్ లేదు, అంటే అప్పటికప్పుడు అల్లుకుపోవడం లేదు. మొదట్లో నాకు బోర్ కొట్టింది, నిజం చెప్పాలంటే. ప్రతి రౌండ్లోనూ ఒకట్రెండు చోట్ల చిన్నగా మార్చి వాయిస్తున్నారని గమనించడానికే చాలా నెలలు పట్టింది.

[వయొలిన్ దగ్గరగా. తీగల మీద వేలు పెట్టి చూపించాలి.]

ఇప్పుడు శ్రుతి. మనది స ప స ప. వీళ్లది జి, డి, ఎ, ఇ, అంటే ప్రతి తీగా కింది తీగకి పంచమం. మన వయొలిన్‌లో మధ్య రెండు తీగల మధ్య ఉండేది పంచమం కాదు కదా, మధ్యమం దూరం, అందుకని పై రెండు తీగల్లో వేళ్ల లెక్క మొత్తం మారిపోతుంది. నేను తెలివిగా పాత తీగల్నే బిగించుకుంటూ పోయాను, సన్నది టప్‌మని తెగి బుగ్గ మీద తగిలింది. మీరలా చెయ్యకండి, వెస్టర్న్ శ్రుతికి అమ్మే తీగల సెట్ విడిగా కొనుక్కోండి.

అసలు ఇబ్బంది ఇంకోటి. కెష్ జిగ్‌లో షడ్జమం (స) జి. అది ఖాళీ తీగ మీద రాదు, డి తీగ మీద మూడో వేలు. చిన్నప్పట్నుంచీ షడ్జమం అంటే తీగ వదిలేస్తే వచ్చేది అని అలవాటైన చెయ్యి, ఇక్కడ ఇల్లు మారిపోయినట్టు తడుముకుంటుంది. రిషభం ఖాళీ ఎ తీగ. గాంధారం దాని మీద మొదటి వేలు, పంచమం మూడో వేలు. ధైవతం ఖాళీ ఇ తీగ. కూర్చోవడం కూడా వేరు, కాలి మీద వయొలిన్ తల ఆనించడం ఉండదు, గడ్డం కింద పెట్టాలి. చెయ్యి మొదటి పొజిషన్ వదిలి కదిలేది చాలా తక్కువ.

సరే, మొదటి నాలుగు బార్లు. నోటితో పాడండి ముందు, వయొలిన్ ముట్టుకోవద్దు.

[తెర మీద, పాడుతూ:
స , , స రి గ | రి , , రి గ ప | ద ప ప సా ప ప | ద ప గ ప గ రి]

"సా" అని రాసింది తార షడ్జమం, అంటే పై స. వచ్చిందా? పక్క గదిలో ఉన్నవాళ్లు "ఇక చాలు" అనేదాకా పాడండి. వీళ్లకీ ఈ అలవాటుంది, లిల్టింగ్ అంటారు, డిడ్లీ డిడ్లీ అని నోటితో ట్యూన్ పాడటం. చికాగోలో పోలీస్ చీఫ్‌గా చేసిన ఫ్రాన్సిస్ ఓనీల్ అనే ఆయన ఉండేవాడు, కార్క్ కౌంటీలో పుట్టినవాడు. ఫ్లూట్ వాయించేవాడు, కానీ స్వరం రాయడం రాదు. తలలో ఉన్న ట్యూన్లు వినిపిస్తే జేమ్స్ ఓనీల్ అనే ఇంకో పోలీసాయన, చుట్టం కూడా కాదు, కూర్చుని రాసేవాడు. అలా 1903లో 1,850 ట్యూన్ల పుస్తకం అచ్చయింది. పోలీస్ స్టేషన్లో ఏ రిపోర్టులు రాశారో మనకనవసరం, ఈ రాత మాత్రం నేటికీ వాడుకలో ఉంది.

రాసుకోవద్దా అంటే, రాసుకోండి. కెర్రీలో పాడ్రిగ్ ఓకీఫ్ అనే బడిపంతులు 1920 ప్రాంతంలో ఆ ఉద్యోగం పోయాక కొండల వెంట ఇల్లిల్లూ తిరిగి ఫిడేలు నేర్పాడు. పిల్లలకి స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల స్వరలిపి) ఎక్కడ నేర్పుతాం అనుకున్నాడేమో, నాలుగు తీగలకి నాలుగు గళ్లు, ఏ వేలు పెట్టాలో ఆ అంకె, అంతే. మన సరిగమ నోట్‌బుక్ కూడా ఆ కోవదే. కానీ పుస్తకం చూస్తూ వాయించకండి. నేను మొదటిసారి పబ్‌లో సెషన్‌కి (అందరూ కలిసి కూర్చుని వాయించేది) కాగితాలు పట్టుకెళ్లాను, అక్కడ ఒక్కళ్ల ముందూ కాగితం లేదు. నా కాగితాల మీద ఎవరో గ్లాసు పెట్టుకున్నారు, కోపం కూడా రాలేదు నాకు, సిగ్గేసింది.

పని ఇలా. ఒక మంచి రికార్డింగ్ తీసుకోండి, ఒక్క ఫిడేలే ఉన్నదైతే మంచిది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో శ్రుతి మారకుండా స్పీడు మాత్రం తగ్గించండి. సెషన్‌లో జిగ్ నిమిషానికి 110, 120 తకిటల దగ్గర నడుస్తుంది, మీరు 60 దగ్గర మొదలుపెట్టండి. రెండు బార్లు తిప్పి తిప్పి వినడం, పాడటం, అప్పుడు వాయించడం. డబ్లిన్‌లో 1987లో పెట్టిన ఐరిష్ ట్రెడిషనల్ మ్యూజిక్ ఆర్కైవ్ వాళ్ల సైట్‌లో పాత రికార్డింగులు ఉచితంగా వినొచ్చు. స్కాటిష్ కావాలంటే ఎడిన్‌బరోలో స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ వాళ్లు 1951 నుంచి సేకరించినవి ఆన్‌లైన్‌లో ఉన్నాయి.

ఇక గమకం. ఇక్కడ దెబ్బ తింటాం మనం. గాంధారం కనిపిస్తే చాలు వేలు దానంతటదే ఊగుతుంది. ఇక్కడ ఊగకూడదు. వీళ్ల అలంకారం వేరు, రోల్ అంటారు. మొదటి బార్‌లో "స , ," ఉంది కదా, దాన్ని స అని పట్టుకుని, పై వేలితో తీగని అలా తాకీ తాకనట్టు కొట్టి, మళ్లీ స, వేలు ఎత్తి కింది స్వరం ఒక రెప్పపాటు, మళ్లీ స. ఆ మధ్యవి స్వరాలుగా వినిపించకూడదు, టిక్ మనాలి అంతే. రెండో బార్‌లో "రి , ," దగ్గర అదే చేద్దామని చూస్తే కుదరదు, అది ఖాళీ తీగ, ఎత్తడానికి వేలేది? అక్కడ కమానుతో గబగబా మూడు చిన్న దెబ్బలు, ట్రెబుల్ అంటారు. నాకు అది గొంతు గీరినట్టు వచ్చేది. మణికట్టు వదులుగా పెట్టి, కమాను మధ్యభాగంలో ఒక అంగుళం మాత్రమే వాడితే సర్దుకుంది.

[మంచం మీద దుప్పట్లు పరిచి ఉన్న గది. స్టాండ్ మీద ఫోన్.]

రికార్డింగ్. ట్యూన్ పూర్తిగా వచ్చాక రికార్డ్ చేద్దాంలే అనుకుంటారు. మొదటి రోజునుంచే చెయ్యండి, నేర్చుకోవడంలో అదీ భాగమే. స్లైగో నుంచి 1914లో అమెరికా వెళ్లిపోయిన మైకేల్ కోల్‌మన్ న్యూయార్క్‌లో వాయించిన రికార్డులు ఓడల్లో తిరిగి ఊరికొచ్చాయి. గ్రామఫోన్ ప్లేటు ఒక పక్కకి పట్టేది మూడు నిమిషాలు. ఆయన 1934లో టార్బోల్టన్, లాంగ్‌ఫర్డ్ కలెక్టర్, సెయిలర్స్ బానెట్ అని మూడు రీళ్లు వరసగా వాయిస్తే, ఈ రోజుకీ సెషన్లో మొదటిది ఎత్తుకోగానే మిగతా రెండూ అదే వరసలో వచ్చేస్తాయి. ప్లేటు ముందు కూర్చుని నేర్చుకున్నవాళ్లు అంతమంది మరి.

గది మధ్యలో చప్పట్లు కొట్టండి. టంగుమని మోగితే ఆ గది వద్దు. వంటగది అస్సలు వద్దు, టైల్స్ ఒక పక్క, ఫ్రిజ్ రొద ఇంకో పక్క. బట్టల బీరువా తెరిచిపెట్టి దాని వైపు తిరిగి వాయిస్తే చాలా తేడా ఉంటుంది. ఇండియాలో ఉన్నవాళ్లు సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, మే నెలలో ఇది నరకమని తెలుసు, పొద్దున్నే పెట్టుకోండి. ఫోన్ మీకు మూడడుగుల దూరంలో, వయొలిన్ కన్నా కొంచెం ఎత్తులో, బ్రిడ్జ్ వైపు చూస్తూ. ఇంకా దగ్గరికి తెస్తే కమాను గీత, కమానుకి రాసే రోజిన్ గరగర తప్ప ట్యూన్ వినపడదు. యాప్‌లో నాయిస్ తగ్గించే ఆప్షన్, సౌండ్ దానంతటదే పెంచి తగ్గించే ఆప్షన్ రెండూ ఆపెయ్యండి, అవి మనిషి గొంతు కోసం చేసినవి, సాగే వయొలిన్ స్వరాన్ని ఫ్యాన్ చప్పుడనుకుని మింగేస్తాయి. ఫైల్ వేవ్ (WAV) ఫార్మాట్‌లో, లెవెల్ గట్టిగా వాయించినప్పుడు మైనస్ ఆరు డెసిబెల్స్ దాటకుండా.

మెట్రోనోమ్ ప్రాక్టీస్‌కి పెట్టుకోండి, రికార్డింగ్‌కి వద్దు, ఆ "తాకిట" సాగు చచ్చిపోతుంది. కాలు కొట్టుకోండి. స్టాండ్ ఉన్న నేల మీదే కొడితే ధన్ ధన్ మని ఫోన్‌కి ఎక్కుతుంది, అందుకే స్టాండ్ కింద ఒక దుప్పటి, కాలి కింద ఒక దుప్పటి.

మరుసటి రోజు వినండి, అదే రోజు వద్దు. నా మొదటి రికార్డింగ్‌లో నేను కనిపెట్టింది, రెండో భాగం రాగానే పరిగెడుతున్నాను. తార గాంధారం దాకా ఎక్కాలి, ఇ తీగ మీద చిటికెన వేలు, ఆ టెన్షన్లో గబగబా ఎక్కేసి దిగిపోతున్నాను. వాయించేటప్పుడు ఒక్కసారి కూడా తెలియలేదు, అమ్మ చెప్పిన పరుగు అదే.

సెషన్లో ఎవరైనా వాయించేది రికార్డ్ చేసుకోవాలంటే ముందు అడగండి. సాధారణంగా సరే అంటారు. మీది అప్‌లోడ్ చేసేటప్పుడు పాత ట్యూన్లకి హక్కుల గొడవ లేదు, కానీ పాతగా వినిపించేవన్నీ పాతవి కావు. ఫిలడెల్ఫియాలో ప్లంబర్‌గా బతికిన ఎడ్ రీవీ కట్టిన రీళ్లు తాతల నాటివని చాలామంది అనుకుంటారు, ఆయన పోయింది 1988లో. ఎవరు కట్టారో వెతికి పేరు రాయండి.

కామెంట్లలో ఎవరో అడుగుతారు, ఇది మన సంగీతానికి ద్రోహం కాదా అని. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసులో తెల్లవాళ్ల బ్యాండు విని నొట్టుస్వరాలు (పాశ్చాత్య వరసల మీద పాటలు) కట్టారు, వాటిల్లో "వందే మీనాక్షి" వరస ఒక ఐరిష్ ట్యూన్‌ది. ఆ ట్యూన్ పేరు లిమరిక్, నేను అద్దె కడుతున్న ఊరు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు తెల్లాయన దగ్గర వయొలిన్ నేర్చుకోకపోతే నాకు చిన్నప్పుడు ఆ ఏడేళ్లూ ఉండేవి కాదు.

[వయొలిన్ ఎత్తుకుని]

ఇప్పుడు రెండో భాగం సగం స్పీడులో రెండుసార్లు వాయిస్తాను, చిటికెన వేలు చూడండి. మీరు మొదటి నాలుగు బార్లు రికార్డ్ చేసి ఉంచండి, మిగతా సగం వచ్చే వీడియోలో. ఫ్రిజ్ ఆపి వచ్చాను, మళ్లీ ఆన్ చెయ్యడం మర్చిపోతే పాలు పోతాయి, త్వరగా మొదలుపెడదాం.